ఒకే మెయిల్, ఆరుగురికి, తాళం వేసి: గుంపుకి ఎన్‌క్రిప్టెడ్ ఈమెయిల్ పంపడం ఎలా

ఇంట్లో ఆస్తి పంపకాలు నడుస్తున్నాయనుకోండి. మీరు, అన్నయ్య, తమ్ముడు, డాలస్‌లో చెల్లెలు, హైదరాబాద్‌లో లాయరు, విజయవాడలో ఆడిటరు. మొత్తం ఆరుగురు. పట్టాదారు పాస్‌బుక్ కాపీలు, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు, దస్తావేజు డ్రాఫ్టులు అన్నీ ఒకే మెయిల్ గొలుసులో తిరుగుతుంటాయి. మామూలు మెయిల్ దారిలో భద్రంగానే వెళ్తుంది, ఎందుకంటే ఇవాళ సర్వర్ల మధ్య ప్రయాణానికి దాదాపు అన్ని కంపెనీలూ తాళం వేస్తున్నాయి. చిక్కు అంతా చేరిన తర్వాతే. ఆరు మెయిల్‌బాక్సుల్లోనూ ఆ కాగితాలు విప్పి పెట్టినట్టే ఉంటాయి. ఆరుగురిలో ఎవరి పాస్‌వర్డ్ మరీ తేలికో, అందరి కాగితాల భద్రతా అంతే.

ఈ చిక్కుకి పాత మందు ఓపెన్‌పీజీపీ, అంటే మెయిల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే, తాళం వేసే ఒక పద్ధతి. దీని మూలమైన పీజీపీని ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేశారు. మెయిల్‌కి తాళం వేయడం ఒక్క బటన్ నొక్కుడు. ఆరుగురి కీలు సరైనవిగా, గడువు దాటకుండా, అందరి దగ్గరా ఉండేలా చూసుకోవడమే అసలు పని. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కీల గురించే.

లోపల ఏం జరుగుతుంది

ప్రతి మనిషికీ రెండు కీలు ఉంటాయి. పబ్లిక్ కీ అంటే తెరిచి ఉన్న తాళంకప్ప లాంటిది. ఎవరికైనా ఇవ్వొచ్చు, ఎవరైనా నొక్కి మూసేయొచ్చు. ప్రైవేట్ కీ అంటే దాన్ని తెరిచే తాళంచెవి. అది మీ చేయి దాటి పోకూడదు.

ఆరుగురికి పంపితే మెయిల్ ఆరుసార్లు ఎన్‌క్రిప్ట్ అవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ప్రోగ్రామ్ ఆ మెయిల్ కోసమే ఒక తాత్కాలిక కీ పుట్టించి, దానితో మొత్తం సందేశాన్ని ఒక్కసారే మూస్తుంది. తర్వాత ఆ తాత్కాలిక కీని ఆరు చిన్న పొట్లాలుగా కట్టి, ఒక్కో పొట్లానికి ఒక్కొక్కరి తాళంకప్ప వేసి మెయిల్ ముందు భాగంలో తగిలిస్తుంది. ఒక మనిషి పెరిగితే మెయిల్ పెరిగేది కొన్ని వందల బైట్లే. కాబట్టి పది మందికైనా ముప్ఫై మందికైనా బరువు పెద్దగా మారదు. కానీ పొట్లం లేని మనిషి ఆ మెయిల్‌ని ఎప్పటికీ తెరవలేడు. తర్వాత అతన్ని గుంపులో కలిపినా పాత మెయిళ్లు తెరుచుకోవు. పొట్లం పొందిన మనిషి దగ్గర్నుంచి దాన్ని వెనక్కి లాక్కోనూ లేరు.

ఇంకో మాట. "అందరికీ కలిపి ఒకే ప్రైవేట్ కీ చేసి పంచుకుంటే పోలా?" అని గుంపులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. ఒకరు గుంపు విడిచి వెళ్లినా, ఒకరి ల్యాప్‌టాప్ పోయినా అందరి తాళమూ మార్చాలి. అది ఎవరి చేతి నుంచి జారిందో కూడా తేలదు.

ఏ సాధనం వాడాలి

ఈ గైడ్ మొత్తం థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ మీద నడుస్తుంది. ఉచితం, విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో ఒకేలా పనిచేస్తుంది. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఓపెన్‌పీజీపీ అందులోనే ఉంది. ఎనిగ్‌మెయిల్ అనే యాడ్ఆన్ ఎక్కించుకోమని చెప్పే వ్యాసాలు ఇప్పటికీ దొరుకుతాయి. అవి పాతవి, పక్కన పెట్టండి. జీమెయిల్ చిరునామా ఉన్నవాళ్లు అదే చిరునామాని థండర్‌బర్డ్‌లో కలుపుకుంటే చాలు, కొత్తది అక్కర్లేదు. బ్రౌజర్ వదలనంటే మెయిల్‌వెలోప్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో కే-నైన్ మెయిల్ గానీ, ఫోన్ థండర్‌బర్డ్ గానీ, దానికి తోడు ఓపెన్‌కీచైన్ అనే యాప్ పెట్టుకుంటే చదవడం, రాయడం రెండూ కుదురుతాయి. ప్రోటాన్ మెయిల్ వాడేవాళ్లకి కీలు ముందే తయారై ఉంటాయి. వాళ్లు తమ పబ్లిక్ కీని సెట్టింగ్స్‌లోంచి దించి మీకిస్తే సరిపోతుంది.

మీ లాయరు గారో ఆడిటరు గారో "నా దగ్గర డీఎస్‌సీ టోకెన్ ఉంది కదా, దాంతో చేద్దాం" అనొచ్చు. యూఎస్‌బీలో ఉండే ఆ డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్ ఎస్‌మైమ్ అనే వేరే పద్ధతిది. ఓపెన్‌పీజీపీతో కలవదు. పైగా మన దేశంలో సంతకం సర్టిఫికెట్ వేరు, ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ వేరు. పన్ను రిటర్నులకి వాడేది సాధారణంగా సంతకానికి మాత్రమే పనికొచ్చేది. ఆరుగురిలో ఒకరిద్దరికే టోకెన్లు ఉన్నచోట ఆ దారి పట్టకండి. ఒకే మెయిల్‌లో కొందరికి ఎస్‌మైమ్, కొందరికి ఓపెన్‌పీజీపీ కలిపి పంపడం కుదరదు.

కీ తయారు చేయడం

ఇది ఆరుగురూ, ఎవరి కంప్యూటర్ మీద వాళ్లు చేయాలి. ఒకరే అందరికీ చేసిపెట్టి పంచడం మర్యాదగా కనిపిస్తుంది గానీ, అప్పుడు అందరి ప్రైవేట్ కీలూ ఆయన చేతిలోంచి పోయినట్టే.

థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, మీ చిరునామా కింద ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లోకి వెళ్లండి. యాడ్ కీ నొక్కి, క్రియేట్ ఎ న్యూ ఓపెన్‌పీజీపీ కీ ఎంచుకోండి. గడువు ముందే 3 ఏళ్లుగా వేసి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచండి. గడువు లేని కీ హాయి అనిపిస్తుంది గానీ, తాళంచెవి పోగొట్టుకున్న కీ ఎప్పటికీ చెల్లుతూ తిరుగుతుంటుంది. కీ రకంలో ఆర్‌ఎస్‌ఏ, ఎలిప్టిక్ కర్వ్ అని రెండుంటాయి. ఆర్‌ఎస్‌ఏ 3072 బిట్లు చాలు, పాత సాఫ్ట్‌వేర్లలోనూ పనిచేస్తుంది. 4096 పెట్టుకుంటే నష్టం లేదు, గుంపులో ఎవరూ పాత ప్రోగ్రామ్ వాడకపోతే ఎలిప్టిక్ కర్వ్ ఇంకా చిన్నది, వేగం. జెనరేట్ నొక్కాక కొద్ది నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో మూసేయకండి. అయ్యాక అదే పేజీలో కొత్త కీ పక్కన ఉన్న గుండ్రటి బొత్తాం ఎంచుకున్నారో లేదో చూడండి. కీ తయారైతే ఉంటుంది గానీ అది ఏ అకౌంటుకీ తగిలించి ఉండకపోతే ఎన్‌క్రిప్ట్ బటన్ పనిచేయదు.

తర్వాత వెంటనే రెండు పనులు.

ఒకటి, ప్రైమరీ పాస్‌వర్డ్. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద యూజ్ ఎ ప్రైమరీ పాస్‌వర్డ్ అనే టిక్కు ఉంటుంది. అది పెట్టకపోతే మీ ల్యాప్‌టాప్ తెరవగలిగిన ఎవరైనా థండర్‌బర్డ్ తెరిచి మీ రహస్యాలన్నీ చదవగలరు. తెలుగు మాటలతో పాస్‌వర్డ్ పెట్టుకోవడం మంచి ఆలోచనే. నాలుగైదు సంబంధం లేని మాటలు గుర్తుంటాయి, ఊహించడం కష్టం. కానీ టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే చేయండి. తెలుగు లిపిలో ఒకే మాటని రెండు కీబోర్డులు లోపల రెండు రకాల సంకేతాలుగా పంపే వీలుంది. ముఖ్యంగా పొల్లు తర్వాత వచ్చే కనిపించని విరుపు గుర్తు దగ్గర. కంటికి ఒకేలా ఉన్నా పాస్‌వర్డ్ తప్పంటుంది.

రెండు, బ్యాకప్. టూల్స్ మెనూలో ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్ తెరిచి, మీ కీ మీద నొక్కి, ఫైల్ మెనూలో బ్యాకప్ సీక్రెట్ కీ ఎంచుకోండి. పాస్‌వర్డ్ అడుగుతుంది, గట్టిది ఇవ్వండి. ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో దాచండి. మీకు మీరే మెయిల్ చేసుకోకండి, వాట్సాప్‌లో పెట్టుకోకండి. ఫోన్లోకి ఎక్కించాలన్నా కేబుల్‌తోనే.

ఆరుగురి కీలు ఒకచోటికి

ఇక్కడ లెక్క కాస్త పెద్దది. ఆరుగురిలో ప్రతి ఒక్కరి దగ్గరా మిగతా ఐదుగురి పబ్లిక్ కీలు ఉండాలి. అంటే 30 కాపీలు. ఒక్కొక్కరూ ఒక్కొక్కరికి విడివిడిగా పంపుకుంటే ఎవరిదో ఒకటి తప్పకుండా మిస్సవుతుంది. మీరు ఐదుగురికీ ఎన్‌క్రిప్ట్ చేసి పంపగలుగుతారు, కానీ చెల్లెలు అందరికీ రిప్లై ఇవ్వబోతే ఆమె దగ్గర ఆడిటరు గారి కీ ఉండదు. గుంపు మెయిళ్లలో మొదటి వారం వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే.

అందుకని ఒకరు పెద్దరికం తీసుకోవాలి. మిగతావాళ్లు ఆ ఒక్కరికి తమ పబ్లిక్ కీ పంపుతారు. కొత్త మెయిల్ రాసే కిటికీలో ఓపెన్‌పీజీపీ బటన్ పక్క బాణం నొక్కి అటాచ్ మై పబ్లిక్ కీ అంటే సరి, మెయిల్‌కి డాట్ ఏఎస్‌సీ ఫైలు ఒకటి తగులుతుంది. పబ్లిక్ కీ రహస్యం కాదు, తాళం లేని మెయిల్‌లోనే పంపొచ్చు. పెద్దరికం తీసుకున్నవాళ్లు ఐదు కీలూ దిగుమతి చేసుకుని, కీ మేనేజర్‌లో తమదీ కలిపి ఆరూ ఎంచుకుని, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ పబ్లిక్ కీస్ అంటే ఆరు కీలూ ఒకే ఫైలులోకి వస్తాయి. అదే కీల కట్ట. దాని పేరులో తేదీ పెట్టండి. కట్ట మారినప్పుడల్లా ఎవరి దగ్గర ఏది ఉందో అడగడానికి ఆ తేదీయే ఆధారం.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పొరపాటున బ్యాకప్ సీక్రెట్ కీ నొక్కే ప్రమాదం ఉంది, రెండూ ఒకే మెనూలో పక్కపక్కనే ఉంటాయి. పంపే ముందు ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చూడండి. అందులో పబ్లిక్ అని ఉంటే పంపండి. ప్రైవేట్ అని కనిపిస్తే ఆ ఫైలు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టండి.

కట్ట అందినవాళ్లు కీ మేనేజర్‌లో ఫైల్ మెనూ నుంచి ఇంపోర్ట్ పబ్లిక్ కీస్ చేసుకుంటారు. ప్రోటాన్ చిరునామాలవైతే కీసర్వర్ మెనూలోని డిస్కవర్ కీస్ ఆన్‌లైన్‌తో నేరుగా దొరికిపోతాయి. మిగతావాళ్ల కీలు కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఆర్గ్ అనే కీసర్వర్‌లో, అంటే పబ్లిక్ కీలు ఉంచి వెతుక్కునే చోట, ఉండొచ్చు. 2019లో మొదలైన ఈ సర్వర్ చిరునామా సొంతదారుకి మెయిల్ పంపి సరిచూసుకున్నాకే ఆ చిరునామాతో వెతికేవాళ్లకి కీ చూపిస్తుంది. అంతకుముందు నడిచిన పాత కీసర్వర్లలో ఎవరైనా ఎవరి పేరుతోనైనా కీ ఎక్కించగలిగేవాళ్లు. వాటిలో దొరికిన కీని నమ్మి పంపకండి.

ఫింగర్‌ప్రింట్ సరిచూడటం

కీల కట్ట మెయిల్‌లోనే వచ్చింది. దారిలో ఎవరైనా లాయరు గారి కీ తీసేసి తమ కీ పెట్టారనుకోండి. మీరు నిశ్చింతగా తాళం వేసి పంపుతారు, తెరిచేది మాత్రం వాళ్లు. ఈ ఒక్క సందుని మూసేది ఫింగర్‌ప్రింట్. ప్రతి కీకీ 40 గుర్తుల గుర్తింపు ఉంటుంది, నాలుగేసి చొప్పున పది గుంపులుగా కనిపిస్తుంది. అంకెలు 0 నుంచి 9 వరకు, అక్షరాలు ఏ నుంచి ఎఫ్ వరకు మాత్రమే.

ఆరుగురూ ఒక వీడియో కాల్‌లో కూర్చోండి. ఒక్కొక్కరూ తమ కంప్యూటర్‌లో తమ సొంత కీ వివరాలు తెరిచి, అక్కడున్న ఫింగర్‌ప్రింట్‌ని గట్టిగా చదవాలి. మిగతా ఐదుగురూ తమ దగ్గరికి వచ్చిన కాపీలో దాన్ని చూసుకుంటూ పోవాలి. చదివేది కట్ట తయారుచేసినవాళ్లు కాకూడదు, కీ సొంతదారే కావాలి. మెయిల్‌లో వచ్చిన ఫింగర్‌ప్రింట్‌ని మెయిల్‌లో వచ్చిన కీతో పోల్చి చూసుకోవడం వట్టి కాలక్షేపం. రెండూ ఒకే దారిలో వచ్చాయి, మార్చేవాడు రెండూ మారుస్తాడు.

ఫోన్లో బి, డి, ఈ ఒకేలా వినిపిస్తాయి. బి ఫర్ బాల్, డి ఫర్ డాగ్ అని బళ్లో చదివినట్టే చదవండి, నవ్వొచ్చినా సరే. చివరి నాలుగు గుర్తులు కలిశాయి కదా అని ఆపకండి. చివరి కొన్ని గుర్తులు కలిసేలా దొంగ కీ తయారు చేయడం మామూలు కంప్యూటర్‌తో అయ్యే పనే. మొత్తం 40 కలిసేలా చేయడమే అసాధ్యం.

కలిసిన ప్రతి కీ మీదా కీ మేనేజర్‌లో రెండుసార్లు నొక్కితే మీ అంగీకారం అడిగే నాలుగు వరుసలు కనిపిస్తాయి. తిరస్కరిస్తున్నాను, ఇంకా తేల్చుకోలేదు, అంగీకరిస్తున్నాను గానీ సరిచూడలేదు, స్వయంగా సరిచూశాను అని వాటి అర్థం. చివరిది ఎంచుకోండి. రెండోదాంట్లో వదిలేస్తే కీ మీ దగ్గర ఉన్నా లేనట్టే, థండర్‌బర్డ్ దాన్ని వాడదు. "కీ ఇంపోర్ట్ చేశాను, అయినా లేదంటోంది" అనేవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

మొదటి మెయిల్

మొదటి మెయిల్‌లో రహస్యం ఏదీ పెట్టకండి. అది పరీక్ష మెయిల్.

అడ్రస్ బుక్‌లో మిగతా ఐదుగురితో ఒక లిస్టు చేసుకుంటే ప్రతిసారీ వెతుక్కునే పని తప్పుతుంది. కొత్త మెయిల్‌లో ఆ లిస్టు పేరు పెట్టాక దాని మీద కుడి క్లిక్ చేసి ఎక్స్‌పాండ్ లిస్ట్ అనండి. పేరు విడిపోయి ఐదు చిరునామాలూ విడివిడిగా కనిపిస్తాయి. ఎవరికి పోతోందో కళ్లతో చూసి పంపడం రహస్య కాగితాల విషయంలో మంచి అలవాటు, కీ లేనివాళ్లు ఎవరో కూడా అప్పుడే తెలుస్తుంది.

పైన ఎన్‌క్రిప్ట్ బటన్ నొక్కండి. ఓపెన్‌పీజీపీ మెనూలో డిజిటల్ సంతకం కూడా టిక్ అయి ఉందో లేదో చూడండి. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. పబ్లిక్ కీలు ఎవరి దగ్గరైనా ఉండొచ్చు కాబట్టి మీకు తాళం వేసిన మెయిల్ ఎవరైనా పంపగలరు. "అడ్వాన్సు ఈ కొత్త ఖాతాలో వేయండి" అని లాయరు గారి పేరుతో తాళం వేసిన మెయిల్ వస్తే, తాళం ఉన్నంత మాత్రాన అది ఆయన రాసినట్టు కాదు. సంతకం సరిపోతేనే ఆయనది. డబ్బు మాట ఉన్న ఏ మెయిల్‌లోనైనా సంతకం గుర్తు చూశాకే ముందుకి కదలాలని గుంపులో ముందే ఒప్పందం చేసుకోండి.

సంతకంలో ఇంకో మెలిక ఉంది. సంతకం మెయిల్ లోపలి మాటలకే గానీ, ఎవరికి పంపారన్నదానికి కాదు. మీరు తమ్ముడికి సంతకం చేసి పంపిన "సరే, ఒప్పుకుంటున్నాను" అన్న ఒక్క వాక్యాన్ని అతను మళ్లీ వేరేవాళ్ల తాళం వేసి, మీరే వాళ్లకి రాసినట్టు పంపగలడు. సంతకం మీదే, సరిగ్గానే ఉంటుంది. అందుకని ముఖ్యమైన మెయిల్‌లో ఎవరెవరికి రాస్తున్నారో, ఏ తేదీనో, దేనికి ఒప్పుకుంటున్నారో లోపలే రాయండి. పాత రోజుల ఉత్తరంలాగా.

సబ్జెక్ట్ లైను సంగతి. థండర్‌బర్డ్ సబ్జెక్ట్‌ని కూడా లోపల దాచి, బయట మూడు చుక్కలు మాత్రమే కనిపించేలా చేస్తుంది. అది తెలియని యాప్‌లలో తెరిచినవాళ్లకి సబ్జెక్ట్ స్థానంలో ఆ చుక్కలే కనిపిస్తాయి, కంగారు పడక్కర్లేదు. కానీ గుంపులో ఎవరైనా వేరే ప్రోగ్రామ్ నుంచి పంపితే సబ్జెక్ట్ తెరిచే ఉండొచ్చు. కాబట్టి సబ్జెక్ట్‌లో సర్వే నంబరు, రేటు లాంటివి రాయకపోవడమే మంచిది. ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారన్నవి ఏ ప్రోగ్రామ్‌లోనూ దాగవు.

పంపాక ఐదుగురినీ ఒక్క మాటతో రిప్లై ఆల్ ఇవ్వమనండి. ఆరు మెయిళ్లూ ఆరుగురి దగ్గరా తెరుచుకుని, అన్నిటి మీదా సంతకం సరిగ్గా ఉంటే గుంపు తయారైనట్టు. ఒక్కరి దగ్గర ఒక్కటి తెరుచుకోకపోయినా అసలు కాగితాలు పంపకండి.

అటాచ్‌మెంట్ల బరువు గురించి: జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. మెయిల్‌లోకి ఎక్కే ఏ ఫైలైనా అక్షరాలుగా మారి మూడో వంతు పెరుగుతుంది. తాళం వేశాక అదే మార్పు రెండోసారి జరుగుతుంది. స్కాన్ చేసిన దస్తావేజులు 10 ఎంబీ దాటితే రెండు మెయిళ్లుగా విడగొట్టండి. ఆరు మెయిల్ కంపెనీల్లో అతి తక్కువ పరిమితి ఉన్నదే మీ పరిమితి.

బీసీసీ జోలికి పోకండి

తాత్కాలిక కీ పొట్లాల సంగతి గుర్తుంది కదా. ప్రతి పొట్లం మీదా అది ఏ కీదో తెలిపే నంబరు మామూలుగా తెరిచే ఉంటుంది. బీసీసీలో ఇంకో లాయరుని పెట్టారనుకోండి, ఆయన పేరు చిరునామాల్లో కనిపించదు గానీ, ఆయన కీ నంబరు ఆ మెయిల్ అందిన అందరి దగ్గరా ఉంటుంది. పొట్లాలు లెక్కపెడితే ఆరుకి బదులు ఏడు. కీ నంబరుతో కీసర్వర్‌లో వెతికితే పేరు కూడా దొరకొచ్చు. ఒకరికి తెలియకుండా ఇంకొకరికి చూపించాలంటే మెయిల్‌ని ఆ మనిషికి విడిగా, వేరే మెయిల్‌గా పంపండి.

ఒకరికి కీ లేకపోతే

చిరునామాల్లో ఒక్కరికి కీ లేకపోయినా, గడువు దాటినా థండర్‌బర్డ్ మెయిల్ కింద హెచ్చరిక చూపి పంపనివ్వదు. అక్కడున్న రిజాల్వ్ నొక్కితే కీ అసిస్టెంట్ తెరుచుకుని, ఎవరి దగ్గర ఆగిందో చెబుతుంది. అప్పుడు తొందరలో చేసే పని ఎన్‌క్రిప్ట్ బటన్ ఆపేసి పంపడం. ఐదుగురి జాగ్రత్తా ఆ ఒక్క నొక్కుతో గంగపాలు.

కీ లేని మనిషిని చిరునామాల్లోంచి తీసేసి మిగతావాళ్లకి తాళంతో పంపండి. అతనికి అదే ఫైలుని సెవెన్-జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టి విడిగా పంపండి. ఫార్మాట్ సెవెన్-జెడ్ ఎంచుకుని, ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్ టిక్కు పెట్టండి, లేకపోతే లోపలి ఫైళ్ల పేర్లు బయటికి కనిపిస్తాయి. జిప్ ఫార్మాటే కావాలంటే పద్ధతి దగ్గర ఏఈఎస్-256 అని మార్చండి, మొదట కనిపించే జిప్‌క్రిప్టో బలహీనమైనది. పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పండి, మెయిల్‌లో కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు నేర్పిన అలవాటుతో పాన్ నంబరో పుట్టినతేదీయో పాస్‌వర్డ్‌గా పెట్టకండి. మీరు పంపే కాగితాల్లోనే అవి ఉన్నాయి, ఇంకా ఎన్ని ఆఫీసుల ఫైళ్లలో ఉన్నాయో లెక్కలేదు.

ఎక్కడెక్కడ చెడుతుంది

"ఈ సందేశం తెరవడానికి కావాల్సిన ప్రైవేట్ కీ లేదు" అన్న అర్థంతో ఇంగ్లిష్‌లో ఒక మాట వస్తుంది. దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే. ఆ మనిషి కంప్యూటర్ మార్చి లేదా ఫార్మాట్ చేసి కొత్త కీ చేసుకున్నారు, కానీ పంపినవాళ్ల దగ్గర పాత కీయే ఉంది. పాత బ్యాకప్ ఉంటే ఎక్కించుకుంటే తెరుచుకుంటుంది. లేకపోతే ఆ మెయిల్ ఆ మనిషికి ఇక తెరుచుకోదు, పంపినవాళ్లు మళ్లీ పంపాల్సిందే. మిగతావాళ్లు తమ కీ మేనేజర్‌లో పాత కీని తిరస్కరిస్తున్నానని మార్చుకోవాలి.

చిరునామా ఒక్క అక్షరం తేడా ఉన్నా కీ కలవదు. జీమెయిల్‌కి పేరు మధ్యలో చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే గానీ, కీకి కాదు. లాయరు గారి కీ ఆఫీసు చిరునామాతో ఉండి, మీరు సొంత చిరునామాకి పంపితే కీ లేదనే అంటుంది. ఆ రెండో చిరునామాకి ఇంకో కీ చేయించడం తేలిక.

కొన్ని ఆఫీసు మెయిల్ సర్వర్లు వచ్చే మెయిళ్ల నిర్మాణాన్ని మార్చేస్తాయి, అడుగున డిస్‌క్లెయిమర్ తగిలిస్తాయి. తాళం వేసిన మెయిల్ ఆ మార్పుకి పాడైపోయి, చదివేవాళ్లకి ఖాళీ మెయిల్, దానికి రెండు మూడు అర్థంకాని అటాచ్‌మెంట్లు కనిపిస్తాయి. అలాంటి ఆఫీసు చిరునామాకి బదులు వేరే చిరునామా వాడమనండి.

తెలుగులో రాసిన మెయిల్ చెత్త గుర్తులుగా కనిపిస్తే, పంపినవాళ్ల ప్రోగ్రామ్ పాత పద్ధతిలో, అంటే పాఠాన్ని మాత్రమే మూసి మెయిల్ ఒంట్లో అతికించే ఇన్‌లైన్ పద్ధతిలో పంపుతోందన్నమాట. సెట్టింగ్స్‌లో పీజీపీ-మైమ్‌కి మార్చమనండి. అటాచ్‌మెంట్లూ వాటి పేర్లూ కూడా అప్పుడే లోపల దాగుతాయి.

2018 మేలో జర్మనీ, బెల్జియం పరిశోధకులు ఈఫెయిల్ అనే లోపాన్ని బయటపెట్టారు. తాళం వేసిన మెయిల్‌ని దారిలో పట్టుకున్నవాడు దాని చుట్టూ బొమ్మ లింకు అల్లి మళ్లీ పంపితే, చదివే ప్రోగ్రామే మెయిల్ తెరిచి ఆ లింకు ద్వారా పాఠాన్ని వాడికి అందించేది. ప్రోగ్రామ్‌లని సరిచేశారు. అయినా తాళం వేసిన మెయిల్‌లో బయటి బొమ్మలు చూపించమంటారా అని అడిగితే వద్దనండి, ఈ గుంపు మెయిళ్లు సాదా పాఠంలోనే రాయండి.

ఇక, తాళాన్ని తెరిచిన తర్వాత కాపీలు. డ్రాఫ్టులు ఎన్‌క్రిప్ట్ చేసి దాచే టిక్కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పేజీలోనే ఉంది, అది తీసేయకండి. లేకపోతే సగం రాసిన ఉత్తరం తాళం లేకుండా సర్వర్ మీద కూర్చుంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో పడిన అటాచ్‌మెంట్లకి ఈ తాళాలేవీ వర్తించవు. ప్రింటు తీయించడానికి నెట్ సెంటర్‌కి వాట్సాప్ చేసిన కాపీకి అంతకన్నా వర్తించవు.

మనుషులు, కీలు మారినప్పుడు

ఒకరు గుంపు వదిలితే వాళ్ల చిరునామా లిస్టులోంచి తీసేస్తే చాలు. ఎవరి కీ వాళ్లదే కాబట్టి మిగతా ఐదుగురూ ఏమీ మార్చుకోనక్కర్లేదు. పాత మెయిళ్లు మాత్రం వాళ్లు ఎప్పటికీ చదవగలరు. ఒకరు కొత్తగా చేరితే వాళ్ల కీ కలిపి కొత్త కట్ట, మళ్లీ ఒక కాల్. పాత కాగితాలు కావాలంటే ఎవరో ఒకరు వాళ్లకి మళ్లీ పంపాలి.

కీ గడువు దగ్గరపడితే కొత్త కీ చేయక్కర్లేదు. మీ కీ వివరాల్లో గడువు తేదీ మార్చుకోవచ్చు, ఫింగర్‌ప్రింట్ అదే ఉంటుంది కాబట్టి మళ్లీ చదివి వినిపించే పనీ లేదు. అయితే పొడిగించిన పబ్లిక్ కీని ఐదుగురికీ మళ్లీ పంపాలి. మీ కంప్యూటర్‌లో పొడిగిస్తే వాళ్ల దగ్గరున్న కాపీకి ఆ సంగతి తెలియదు. ఒక్కరు మరిచిపోయినా ఆ రోజు నుంచి గుంపు మొత్తానికి మెయిల్ ఆగిపోతుంది. కట్ట చూసేవాళ్లు ఆరు గడువు తేదీలనీ ఫోన్ క్యాలెండర్లో నెల ముందుగా గుర్తుపెట్టుకోవాలి.

ల్యాప్‌టాప్ పోతే ముందు ఫోన్ చేసి ఐదుగురికీ చెప్పండి, మెయిల్ కాదు. బ్యాకప్ పెన్‌డ్రైవ్ నుంచి పాత కీని వేరే కంప్యూటర్‌లో ఎక్కించి, కీ మేనేజర్‌లో రివోక్ కీ నొక్కి, రద్దయిన ఆ పబ్లిక్ కీని అందరికీ పంపండి. వాళ్లు దాన్ని దిగుమతి చేసుకోగానే వాళ్ల దగ్గరున్న కాపీ కూడా రద్దవుతుంది. తర్వాత కొత్త కీ, కొత్త కట్ట, 40 గుర్తులూ మళ్లీ గొంతుతో. రద్దయిన కీని మీ కంప్యూటర్‌లోంచి మాత్రం చెరపకండి. పాత మెయిళ్లన్నీ తెరిచేది ఇప్పటికీ అదే.